తాళపుచెవి కాపురము

గుంటూరులో మిర్చి వ్యాపారము చేయు నా మిత్రుని కార్యాలయమున, ప్రతి శుక్రవారమును పసుపు కుంకుమలు పెట్టు పాతకాలపు ఇనుపపెట్టె ప్రక్కనే, లెక్కలు వ్రాయు కంప్యూటరొకటి కలదు. యార్డుకు టిక్కీలు వచ్చి పడు నాళ్లలో ఆయనకు కార్యాలయపు ముఖము చూచుటకైన తీరిక యుండదు. గుమాస్తా యొక్కడే కూర్చుండి లెక్కలు ఎక్కించుచుండును. ఎక్కడనైన చిక్కు పడినప్పుడు నేను మా యింట కూర్చుండియే ఆ కంప్యూటరు తెరను నా తెరపై చూచి సరిచేయుటకు వీలుగా, ఇచట మీట నొక్కినచో అచట అక్షరము పడునట్లు, ఇచట మౌసు కదల్చినచో అచట బాణపుగుర్తు కదలునట్లు, అల్ట్రా వీఎన్‌సీ యను ప్రోగ్రామును అమర్చుకొంటిమి. ఆ రెండు తెరల నడుమ ప్రవహించు సమాచారము దారిలో నెవ్వరి కంటను పడకుండుటకై దానికొక ఎన్‌క్రిప్షన్ ప్లగిన్‌ను సైతము తగిలించితిమి.

ఒక వేసవిలో సీ డ్రైవు నిండిపోయినదని, కంప్యూటరు బాగుచేయ వచ్చిన కుర్రవాడొకడు ఆ ప్రోగ్రామును డీ డ్రైవులో తానే క్రొత్తగా చేసిన ఫోల్డరులోనికి మరల ఇన్‌స్టాల్ చేసెను. ఆ సాయంకాలము నేను ఎంత ప్రయత్నించినను కనెక్షన్ కుదరలేదు. అతడు సెట్టింగుల కిటికీ తెరచి చూడగా, ప్లగిన్ పేరు కనబడవలసిన పట్టీలో పేరేమియు లేదట. ప్రక్కనున్న చిన్న గడిలోని టిక్కును తీసివేసి, నన్నును నా వైపున అట్లే చేయుమని ఫోనులో చెప్పెను. తెల్లవారునప్పటికి రైతుల చీటీలు తేల్చవలసిన తొందరలో నేనును అట్లే చేసితిని. తెర కనబడినది, పని జరిగినది, ఎవరి దారిన వారు పోతిమి. ఆ టిక్కు మాట మూడవనాటికి గాని నాకు జ్ఞప్తికి రాలేదు. ఆ మూడు దినములును ఎవరి సరుకు ఎంత ధరకు పోయినది, ఎవరికెంత బాకీ యున్నది యను వివరము లన్నియు అంతర్జాలమున బట్టబయలుగా ప్రయాణము చేసినవి.

ఆ మూడు దినములలో గణితము చేసిన తప్పిద మొక్కటియు లేదు. ప్లగిన్‌లోని సూత్రము లెంత దృఢములో అంత దృఢములుగనే యున్నవి; ఆ ప్లగిన్ పాత ఫోల్డరులో నుండగా, దానిని వెదకికొనవలసిన ప్రోగ్రాము క్రొత్త ఫోల్డరులో మేల్కొన్నది. గూఢలిపిశాస్త్రమును గూర్చి వ్రాయు గ్రంథములు ప్రధానసంఖ్యల వైభవమును వర్ణించి, తాళపుచెవి ఏ ఫోల్డరులో కాపురముండవలెనను ప్రశ్నను గుమాస్తాపనిగా నెంచి విడిచిపెట్టుట పరిపాటి. ఆ ప్రశ్నయు గణితమంత గౌరవమున కర్హమని నా దృఢాభిప్రాయము. ఈ అధ్యాయమున దానికే పెద్దపీట వేసెదను.

దూరమునందున్న తెరను చూచు ఈ విద్య పుట్టినిల్లు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి. అచట ఆలివెట్టి కంపెనీవారి పరిశోధనశాలయందు ఆండీ హాపర్, ట్రిస్టన్ రిచర్డ్‌సన్, క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, కెన్నెత్ వుడ్ అనువారు దీనిని రూపొందించి, 1998లో ప్రకటించిన వ్యాసమున దీనికి వర్చువల్ నెట్‌వర్క్ కంప్యూటింగ్ అని పేరు పెట్టిరి. వీఎన్‌సీ యనునది దానికి పొడియక్షరములు. వీరిలో స్టాఫర్డ్-ఫ్రేజర్ అంతకుముందే, 1991లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో కాఫీ కూజాకెదురుగా కెమెరా నుంచి, కూజాలో కాఫీ యున్నదో లేదో లేచి వెళ్లకుండగనే బల్లవద్ద నుండి తెలిసికొను ఏర్పాటు చేసిన ఇద్దరిలో నొకడు. లేచిపోకయే దూరమున జరుగునది చూడవలెనను కోరిక ఎంత స్వల్పమైనదో, ఎంత బలవత్తరమైనదో ఈ కాఫీ కూజా చెప్పుచున్నది. 1999లో ఆలివెట్టివారి పరిశోధనశాల ఏటీ అండ్ టీ సంస్థ వశమై, 2002లో మూతపడెను. అయితే మూతపడుటకు ముందే వీఎన్‌సీ మూలగ్రంథమును (సోర్స్ కోడును) ఎవరైనను తీసికొని మార్చుకొనవచ్చునను షరతుతో లోకమున విడిచియుండుటచేత, ఆ విత్తనమునుండి పలుశాఖలు మొలచినవి; అల్ట్రా వీఎన్‌సీ అట్టి శాఖలలో నొకటి.

తెరను దూరమునకు పంపుట యనగా నేమి? నేటి సాధారణపు తెర మీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చొప్పున మొత్తము 20,73,600 చుక్కలుండును. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున ఒక్క నిండు తెర 82,94,400 బైట్లగును. దీనిని క్షణక్షణమును పంపుట దుస్సాధ్యము గనుక, వీఎన్‌సీ మాటలాడు ఆర్ఎఫ్‌బీ యను భాష మారిన భాగములను మాత్రమే దీర్ఘచతురస్రములుగా కత్తిరించి పంపును. కిటికీని ప్రక్కకు జరిపినచో దాని చుక్కలను మరల పంపక, ఫలానా చోటనున్న బొమ్మను ఫలానా చోటికి నకలు చేసికొనుమని ఒక్క ఆజ్ఞతో సరిపెట్టును. చూచువాని వైపునుండి పోవునది ఇంకను స్వల్పము. మీట నొక్కినచో ఎనిమిది బైట్లు, మౌసు కదల్చినచో ఆరు.

ఆ ఎనిమిది బైట్లను దగ్గరగా చూతము. నేను లెక్కలలో నాలుగు అను అంకె కొట్టితిననుకొనుడు. మొదటి బైటు 4. అది ‘ఇది మీటవార్త’ యని తెలుపును. రెండవది 1, మీట క్రిందికి దిగినదని దాని యర్థము. పిమ్మట రెండు బైట్లు ఖాళీ. మిగిలిన నాలుగు బైట్లలో ఆ మీట సంఖ్య, అనగా 52. వేలు తీసినప్పుడు రెండవ బైటు సున్నగా మారి ఇదే వార్త మరల పోవును. ఎన్‌క్రిప్షన్ లేనప్పుడు ఈ అంకెలు అక్షరాల ఇట్లే తీగవెంట పోవును. దారిలో వైర్‌షార్క్ వంటి పరికరము పెట్టుకొని కూర్చున్నవాడు, నేను కొట్టిన బ్యాంకు పాస్‌వర్డును ఒక్కొక్క యక్షరముగా, తడబడి చెరిపి మరల కొట్టిన యక్షరములతో సహా, చదువుకొనగలడు. సంభాషణ తొలిపలుకు గూడ బహిరంగమే: ‘ఆర్ఎఫ్‌బీ 003.008’ అను పండ్రెండు బైట్ల పలకరింపు, తానెవరో దారిన పోవువారికందరకు చాటి చెప్పును.

వీఎన్‌సీకి పాస్‌వర్డున్నది కదా, అది రక్షింపదా యని పాఠకుడు ప్రశ్నింపవచ్చును. ఆ పాస్‌వర్డు వీధివాకిటి తలుపుకు వేసిన గడియవంటిది. లోన జరుగు సంభాషణకు గోడలు కట్టు శక్తి దానికి లేదు. కనెక్షన్ కోరిన వానికి సర్వరు, అనగా తెరను పంపు కంప్యూటరు, పదునారు బైట్ల యాదృచ్ఛిక సంఖ్య నొకదానిని పంపును. పాస్‌వర్డునే తాళపుచెవిగా చేసికొని, డెస్ అను పద్ధతిచొప్పున దానిని మార్చి తిరిగి పంపవలెను. సరిపోయినచో తలుపు తెరచుకొనును. ఈ యేర్పాటున పాస్‌వర్డు తీగపై నడువదు, అది మెచ్చదగినదే. కాని డెస్ తాళపుచెవి పొడవు 56 బిట్లు మాత్రమే గనుక, మీరు ముప్పది యక్షరముల పాస్‌వర్డు పెట్టుకొన్నను మొదటి యెనిమిదింటినే గ్రహించి తక్కినవానిని అది విడిచిపెట్టును.

ఇచట నాకు మిక్కిలి ప్రియమైన చిన్న విశేషమొకటి యున్నది. డెస్ ప్రతి బైటులోను చివరి బిట్టును లెక్కకు తీసికొనదు. వీఎన్‌సీలో ప్రతి యక్షరపు బిట్లను అద్దమున చూచినట్లు తలక్రిందులు చేసి తాళపుచెవిగా వాడుట ఆచారమై పోయినది. తలక్రిందులైనప్పుడు చివరికి వచ్చునది, మామూలు ఇంగ్లీషు అక్షరములలో నెల్లప్పుడును సున్నగనే యుండు మొదటి బిట్టు. కావున వ్యర్థమగు బిట్టు ఎట్లును వ్యర్థమైనదే యగుచున్నది. అక్షరమునకు ఏడు బిట్ల చొప్పున ఎనిమిది యక్షరముల బలము ఏమాత్రమును నష్టపడక 56 బిట్లలో ఇమిడిపోవుచున్నది.

అట్లయినను 56 బిట్లు ఎంతపాటివి? సాధ్యమగు తాళపుచెవులు సుమారు 720 కోట్ల కోట్లు. 1977లో డెస్ అమెరికా ప్రభుత్వ ప్రమాణమైన కాలమున ఇది పలువురికి దుర్భేద్యముగ తోచినది. వీఎన్‌సీ వ్యాసము వెలువడిన 1998వ సంవత్సరముననే, జూలై మాసమున, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను సంస్థవారు రెండున్నర లక్షల డాలర్లకు లోబడిన వ్యయముతో నిర్మించిన యంత్రము 56 గంటలలో డెస్ తాళమును తెరచి చూపినది.

ప్లగిన్‌ల అవసర మిట్లు ఏర్పడినది. అల్ట్రా వీఎన్‌సీ కర్తలు ఎన్‌క్రిప్షన్‌ను తమ ప్రోగ్రాములో కలిపివేయక, తీగకును ప్రోగ్రామునకును నడుమ ఒక ద్వారమును విడిచిరి. ఆ ద్వారమున కూర్చుండి, పోవు బైట్లను మార్చి పంపుచు వచ్చు బైట్లను యథారూపమునకు తెచ్చి లోని కందించునదియే డీఎస్ఎమ్ ప్లగిన్. దత్తాంశ ప్రవాహమును మార్చునదియని దాని పేరునకు భావము. దాని స్థానము ఆ ద్వారముననే యుండుట ముఖ్యము. తెర బొమ్మను ముందుగా కుదించి, ఆ పిమ్మటనే గూఢపరుపవలెను. ఏలయన గూఢపరచిన బైట్లలో పునరుక్తి యేదియు కానరాదు గనుక, వానిని తరువాత కుదింపబూనుట ఇసుకను పిండి నూనె తీయబూనుటవంటిది.

తొలినాళ్లలో ప్రచారమున నున్న ప్లగిన్ ఆర్‌సీ4 అను పద్ధతి నాశ్రయించినది. దీనిని 1987లో రాన్ రివెస్ట్ నిర్మించెను. వ్యాపారరహస్యముగా దాచియుంచగా, 1994 సెప్టెంబరులో పేరు చెప్పని వ్యక్తి యెవరో దానిని బహిర్గతము చేసెను. 0 మొదలు 255 వరకు అంకెలు వేసిన 256 పేకముక్కలు మీ చేతిలో నున్నవనుకొనుడు. తాళపుచెవి చెప్పినట్లు వానిని ముందొకమారు కలిపివేయవలెను; పిమ్మట రెండు వ్రేళ్లు ఆ వరుసపై నడచుచు, అవి ఆగినచోటి ముక్కలు రెండింటిని తారుమారు చేయుచు, వాని మొత్తము చూపిన స్థానమునందలి ముక్కపైనున్న అంకెను బయటికి పలుకుచుండవలెను. ఆ పలికిన అంకెల ప్రవాహమును సందేశపు బైట్లతో బిట్టునకు బిట్టుగా కలుపుటయే ఎన్‌క్రిప్షన్. అదే ప్రవాహమును మరల కలిపినచో సందేశము యథాతథముగా బయటపడును. ఇంతటి సరళమైన యంత్రము ఇంతటి గందరగోళమును సృజించుట చూచినప్పుడెల్ల నా కాశ్చర్యము కలుగుచునే యుండును.

అయితే ఆ గందరగోళము పరిపూర్ణము కాదు. 2001లో ఇట్‌సిక్ మాంటిన్, ఆది షమీర్ అనువారు, ఆర్‌సీ4 పలుకు రెండవ బైటు సున్న యగుటకు గల అవకాశము 256లో ఒకటి గాక ఇంచుమించు రెండని నిరూపించిరి. ఈ షమీరే 1977లో రివెస్టుతోడను, లెనార్డ్ ఆడెల్‌మన్‌తోడను కలసి ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని కనుగొన్న మువ్వురిలో నొకడు. మిత్రుడు కట్టిన గోడలో పగులెక్కడనో మిత్రుడే చూపెను. మనదేశమున కలకత్తాలోని భారత గణాంక సంస్థయందు, మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు దశాబ్దముల తరబడి పనిచేసిన ఆ సంస్థయందే, సుభమయ్ మైత్రా, గౌతమ్ పాల్ అనువారు ఆర్‌సీ4 లోని ఇట్టి మొగ్గులను సూక్ష్మముగా పరిశోధించి గ్రంథమునే వెలువరించిరి. కడకు 2015లో అంతర్జాల ప్రమాణకర్తలు వెబ్ సంభాషణలను రక్షించు టీఎల్‌ఎస్‌లో ఆర్‌సీ4ను వాడరాదని శాసించిరి.

ఆ ప్లగిన్‌తో మరియొక క్లేశము కలదు. మన ప్రశ్నకది దగ్గరి చుట్టము. ఆర్‌సీ4లో ఇరుపక్షములకును ఒకటే తాళపుచెవి. అది యొక చిన్న ఫైలు. ఒక కంప్యూటరుపై పుట్టించి రెండవదానికి చేతులారా మోసికొని పోవలెను. ఈమెయిలులో పంపినచో రహస్యము పోయినట్లే. పెన్‌డ్రైవులో తీసికొనిపోయినచో ఆ పెన్‌డ్రైవులో మిగిలిన నకలు మాట మరచిపోరాదు.

తరువాతి తరమున వచ్చిన సెక్యూర్ వీఎన్‌సీ ప్లగిన్ ఈ మోతబరువును తగ్గించినది. సర్వరు ఆర్‌ఎస్‌ఏ పద్ధతిచొప్పున బహిరంగమైన తాళమొకటి పంపును. చూచువాడు ఆనాటి సంభాషణకు మాత్రమే పనికివచ్చు తాళపుచెవి నప్పటికప్పుడు పుట్టించి, దానిని ఆ తాళములో బంధించి తిరిగి పంపును. అటుపిమ్మట సంభాషణ యంతయు ఏఈఎస్ పద్ధతిలో నడచును. బెల్జియము దేశస్థులైన జోన్ డేమెన్, విన్సెంట్ రైమెన్ నిర్మించిన ఈ ఏఈఎస్, 2001లో డెస్ స్థానము నాక్రమించిన అమెరికా ప్రమాణము. కాని ఆ తాళపుచెవిని పంపినవాడు నిజముగా నేనే యని గుంటూరులోని సర్వరెట్లు నమ్మవలెను? నడుమ నెవడైన నిలచి, సర్వరువద్ద నేనుగను, నావద్ద సర్వరుగను నటించినచో, ఏఈఎస్ యొక్క బలమంతయు ఆ నటునికే ఊడిగము చేయును. అందుచేత ఆ ప్లగిన్ మరియొక జంటను పుట్టించుకొను వీలు కల్పించినది: చూచువానివద్ద నుండవలసిన ప్రత్యేక తాళపుచెవి ఫైలు ఒకటి, సర్వరువద్ద నుండవలసిన దాని బహిరంగ ప్రతిరూపము మరియొకటి. ఈ రెండును ఎవరి ఫోల్డరులో నవి ముందుగనే చేరియుండవలెను. గణిత మెంత యెత్తునకు పోయినను కడకు మనలను తెచ్చి ఫోల్డరు గుమ్మముననే దింపుచున్నది.

ఇక ఆ గుమ్మములోనికి పోదము. డీఎస్ఎమ్ ఫైలు, పేరు వేరైనను, స్వభావమున విండోస్‌లోని డీఎల్‌ఎల్ అను గ్రంథాలయ ఫైలే. స్వయముగా నడువదు, నడుచుచున్న ప్రోగ్రాము దానిని పిలిచి తనలో కలిపికొనవలెను. సర్వరు ప్రోగ్రామైన విన్‌వీఎన్‌సీ, తానే ఫోల్డరునుండి మేల్కొన్నదో ఆ ఫోల్డరులో ఈ జాతి ఫైళ్లకై వెదకి, దొరకినవాని పేర్లను సెట్టింగుల పట్టీలో చూపును. మనము ఎంచుకొన్న పేరును, ‘వాడుము’ అను టిక్కును ఆ ఫోల్డరులోనే యున్న అల్ట్రావీఎన్‌సీ.ఐఎన్‌ఐ అను సాధారణ వచనపు ఫైలులో వ్రాసికొనును. నోట్‌ప్యాడులో తెరచి చూచినచో యూజ్‌డీఎస్‌ఎమ్‌ప్లగిన్ అను మాట కెదురుగా 1 గాని 0 గాని, డీఎస్‌ఎమ్‌ప్లగిన్ అను మాట కెదురుగా ఫైలు పేరు కానవచ్చును. మా మిత్రుని కంప్యూటరులో జరిగిన దిదియే: పాత ఫోల్డరు సీ డ్రైవులో అట్లే యున్నది, దానిలో ప్లగిన్, తాళపుచెవి, 1 అని వ్రాసిన ఐఎన్‌ఐ ఫైలు క్షేమముగా నున్నవి, నడుచుచున్న ప్రోగ్రాముకు మాత్రము క్రొత్త ఫోల్డరులో క్రొత్త ఐఎన్‌ఐ ఫైలు పుట్టినది, అందులో 0 అని యున్నది.

దీనికి విపర్యయముగా జరుగుటయు కలదు. సర్వరును విండోస్‌లో సర్వీసుగా నమర్చినప్పుడు, ఏ మార్గమునుండి దానిని లేపవలెనో విండోస్ తన రిజిస్ట్రీలో వ్రాసికొనును. ఫోల్డరును మౌసుతో లాగి మరియొకచోట వేసినంత మాత్రమున ఆ వ్రాత మారదు. అప్పుడు మీరు క్రొత్తచోట ఐఎన్‌ఐ ఫైలును దిద్దుచు కూర్చుండగా, పాతచోట మిగిలిన నకలు పాత యాజ్ఞలతోనే మేల్కొనుచుండును. నేను చెప్పునదేమన, ఇట్టి చిక్కు వచ్చినప్పుడు మొదట చూడవలసినది సెట్టింగుల కిటికీ కాదు; సర్వీసుల జాబితాలో ఆ సర్వీసు ప్రాపర్టీస్ తెరచి, అది చూపు మార్గమును ఒక్కొక్క యక్షరముగా చదువుకొనవలెను. ఆ మార్గములో ఖాళీలున్నచో దానికి కొటేషను గుర్తులున్నవో లేవో కూడ చూడవలెను. గుర్తులు లేనిచో విండోస్ మొదటి ఖాళీవద్దనే ఆగి, అంతవరకున్నదే ప్రోగ్రాము పేరేమోయని ప్రయత్నించును; ఆ పేరుతో నెవడైన దుష్టప్రోగ్రామును అచట పెట్టియుంచినచో సర్వీసునకు బదులు అది లేచి కూర్చుండును.

ఫోల్డరు సరియైనదే యైనను, ముప్పదిరెండు బిట్ల ప్రోగ్రాము అరువదినాలుగు బిట్ల ప్లగిన్‌ను తనలో కలిపికొనజాలదు. ప్రోగ్రాము జాతి ఏదో ప్లగిన్ జాతి యదియే కావలెను. ఇది పలువురిని వేధించు చిక్కే గాని, సరియైన ఫైలు పెట్టగనే తీరిపోవును. చూచువాని ప్రోగ్రాము నొక్కదానినే డెస్క్‌టాప్ మీదికి నకలు చేసికొని, ప్లగిన్ తోడురాలేదని విస్తుపోవువారి మాటయు ఇట్టిదే.

ఇంతవరకు ఫోల్డరును ‘ప్రోగ్రాము వెదకు చోటు’గా చూచితిమి. అంతకంటె గంభీరమైనది ‘ఎవరు వ్రాయగలచోటు’ అను ప్రశ్న. ప్రోగ్రామ్ ఫైల్స్ అను పేరుగల విండోస్ వారి సొంత ఫోల్డరులో నిర్వాహకుని యనుమతి లేనిది ఎవ్వరును ఒక్క ఫైలునైన మార్చజాలరు. డీ డ్రైవులో మన చేతితో సృష్టించిన ఫోల్డరున కట్టి కావలి సహజముగా నుండదు; డ్రైవు నుండి సంక్రమించు మామూలు అనుమతులనుబట్టి, ఆ కంప్యూటరులో లాగిన్ అయిన యే వాడుకరియైనను అందలి ఫైళ్లను చెరుపవచ్చును, మార్చవచ్చును, క్రొత్తవి చేర్చవచ్చును. సర్వరు సర్వీసేమో, కంప్యూటరుపై సర్వాధికారముగల సిస్టమ్ అను ఖాతాపేర నడచునది. ఈ రెండింటిని కలిపి యోచింపుడు. గుమాస్తాయో, గుమాస్తా తెరచిన ఈమెయిలుతో వచ్చిన దుష్టప్రోగ్రామో, ఆ ఫోల్డరులోని ప్లగిన్‌ను తొలగించి అదే పేరుగల మరియొక ఫైలును పెట్టినచో, మరుసటిమారు సర్వీసు లేచునప్పుడు సర్వాధికారములతో దానిని తనలోనికి ఆహ్వానించును. రహస్యమును కాపాడుటకు పెట్టిన ద్వారమే ఇల్లు దోచుటకు దారి యగును. ఐఎన్‌ఐ ఫైలును చదువగలిగినను చాలును: అందు పాస్‌వర్డును డెస్‌తోనే మార్చి దాచెదరు గాని, ఆ దాచుటకు వాడు తాళపుచెవి లోకమందలి వీఎన్‌సీలలో పెక్కింటికి ఒక్కటే, మూలగ్రంథమున అచ్చుపడి యున్నదే.

1883లో ఆగుస్ట్ కెర్కాఫ్స్ అను భాషావేత్త, సైనిక గూఢలిపిని గూర్చి వ్రాయుచు, పద్ధతి శత్రువు చేత బడినను నష్టము లేకుండవలెనని, రహస్యమంతయు తాళపుచెవియందే యుండవలెనని విధించెను. ఆ విధిని శాస్త్రమంతయు శిరసావహించినది. ఏఈఎస్ సూత్రములు నేడెవరైనను చదువుకొనవచ్చును. కాని ఆ విధి చేసిన పనిని సరిగా గ్రహింపవలెను. అది రహస్యమును లేకుండ చేయలేదు. అంతటను వ్యాపించియున్న దానిని ఒక్క చిన్న వస్తువులోనికి కుదించినది. మా నాయనమ్మ ఇనుపపెట్టె తాళపుచెవుల గుత్తిని పగలు బొడ్డున దోపుకొని, రాత్రి తలగడక్రింద పెట్టుకొని పడుకొనెడిది. స్నానమునకు పోవునప్పుడు మా పెద్దత్త చేతికి మాత్రమే ఇచ్చెడిది. పెట్టె చేసినవాని పనితనమును ఆమె యెన్నడును పొగడలేదు. గుత్తి యెక్కడనున్నదో నిద్రలో లేపి యడిగినను చెప్పగలిగెడిది. కెర్కాఫ్స్ సూత్రమునకు నా యెరుకలో ఇంతకన్న మంచి వ్యాఖ్యానము లేదు.

ఆ మూడవనాటి సాయంకాలము బస్సెక్కి గుంటూరు పోయి, నేనే ఆ కంప్యూటరు ముందు కూర్చుంటిని. పాత సర్వీసును తొలగించి, పాత ఫోల్డరులోని ఆర్‌సీ4 ప్లగిన్‌ను, దాని తాళపుచెవిని చెరిపివేసితిని. డీ డ్రైవులోని ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ యను పుట తెరచి, డ్రైవునుండి సంక్రమించిన అనుమతులను త్రెంచి, వ్రాయు అధికారమును నిర్వాహకునికిని సిస్టమ్ ఖాతాకును మాత్రమే మిగిల్చి, ఐఎన్‌ఐ ఫైలును ఇతరులు చదువుటకైన వీలు లేకుండ చేసితిని. పిమ్మట ప్రోగ్రాము జాతికి తగిన సెక్యూర్ వీఎన్‌సీ ప్లగిన్‌ను విన్‌వీఎన్‌సీ ప్రక్కన నుంచి సర్వీసును మరల నమర్పగా, సెట్టింగుల పట్టీలో దాని పేరు వచ్చి నిలచినది. తాళపుచెవుల జంటను పుట్టించి, బహిరంగ ప్రతిరూపమును అచటనే యుంచి, ప్రత్యేకమైన దానిని నా ల్యాప్‌టాప్‌లోని చూచు ప్రోగ్రాము ఫోల్డరులో చేర్చితిని. చివరకు వైర్‌షార్క్ తెరచియుంచి, ల్యాప్‌టాప్‌నుండి కనెక్షన్ చేసి, లెక్కల గడిలో నాలుగు అను అంకెను ఎనిమిదిమార్లు కొట్టితిని. తీగపై పోయిన బైట్లలో 4, 1, రెండు సున్నలు, ఆ తరువాత 52తో ముగియు నాలుగు బైట్ల వరుసకై ఆ మూలనుండి ఈ మూలవరకు వెదకితిని, ఒక్కచోటను దొరకలేదు.

గుమాస్తా ఇదంతయు వెనుక నిలచి చూచుచుండెను. నా ల్యాప్‌టాప్ పాడైనచో పనికివచ్చునని, ప్రత్యేకమైన తాళపుచెవి ఫైలు నకలును పెన్‌డ్రైవులో వేసి అతని చేతి కిచ్చితిని. “ఇదెక్కడ పెట్టమంటారు సార్?” అని అతడు సొరుగు తెరవబోయెను. అప్పుడే యార్డునుండి వచ్చి చెమట తుడుచుకొనుచున్న మా మిత్రుడు, మొలత్రాటికి కట్టిన తాళపుచెవి విప్పి ఇనుపపెట్టె తెరచి, దస్తావేజుల క్రింద చోటు చేసి, “ఇక్కడ పెట్టవయ్యా” అనెను.